అప్పగింత

మన యిండ్లలో పెండ్లి ముగిసిన పిదప అప్పగింతలను తంతు ఒకటి జరుగును. పెండ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతులలో పెట్టుదురు. కొడలలోగాని బరంపురములోగాని మన పెండ్లికి వచ్చిన ఒడియా మిత్రులకు మంత్రములలో భేదము తెలియకపోవచ్చును. ఆ ఘట్టము మాత్రము ఎవరును చెప్పకయే తెలియును. ఆ మాటనే మనము వేఱొక చోట గూడ వాడుదుము. పొరుగూరు పోవువాని చేతిలో ఒక పొట్లము పెట్టి, "దీన్ని మా అక్కకి అప్పగించు నాయనా" అందుము. బిడ్డ విషయమున వహించినంత జాగ్రత్త పొట్లము విషయమున వహింపము, వహింపనక్కరయు లేదు. అయినను రెండింటను ఒక పోలిక కలదు. మన చూపు చేరని దూరమున, మన చేయి అందని చోట, మనదైన దానిని పరుల మనస్సాక్షికి వదలుచున్నాము.

ఒకని చేతిలో వస్తువు పెట్టుటకు ముందు ఆ మనిషిలో ఏమి పెట్టవలెను? ఆ మనిషికి ఏమి ఈయవలెను? ఈ ప్రశ్న గ్రంథములు చదివి నాకు పుట్టినది కాదు. కొడలలో ఒక రేకుల షెడ్డులో, పార్సెళ్ళ గుట్టల నడుమ కూర్చుండగా పుట్టినది.

నేను తపాలా బట్వాడా పనిలో నలువదియేండ్లు గడపితిని. అందు మొదటి పదునొకండు సంవత్సరములు ఆ కాలమున 'ఎక్‌స్ట్రా డిపార్టుమెంటల్' అనబడు మనిషిని. అనగా దినమునకు కొలది గంటల పని, పూర్తి ఉద్యోగి కాడు. అట్టివారును సివిలు పదవి గలవారే యని సుప్రీం కోర్టు 1977లో తీర్పు చెప్పినది. నేను చేరినది ఆ మఱుసటి యేడు. 2018లో విరమించి, ఇక నాకెవరును పని చెప్పరను ధైర్యముతో ఉంటిని. క్రిందటి యేడు మా మేనల్లుడు వచ్చినాడు. అతడు కొడలలో ఒక గోడౌను అద్దెకు తీసికొని, ఒక పెద్ద సంస్థ పార్సెళ్ళను గుత్తపద్ధతిని బట్వాడా చేయించుచుండును. "మావయ్యా, కొత్త కుర్రాళ్ళు అయిదుగురు చేరారు. బండి నడపడం వచ్చు, ఫోను నొక్కడం వచ్చు. బట్వాడా రాదు. నాలుగు రోజులు వచ్చి కూర్చోండి" అన్నాడు. ఆ నాలుగు దినములు నాలుగు నెలలైనవి.

అయిదుగురిలో ఇద్దరు మన పిల్లలు, ముగ్గురు ఒడియా పిల్లలు. మూడు నెలలు పార్సెలుకింత అను లెక్కను మోటారు సైకిలు మీద తిరుగవలెను. నిలద్రొక్కుకొన్నవారికి పిదప నాలుగు చక్రముల చిన్న బండి, నెల జీతము, పూర్తికాలపు ఉద్యోగము ఇత్తుమని మాట. మన పిల్లలలో ఒకని తల్లి గుడివద్ద నన్ను నిలవేసి, "బీకాం చదివి మూటలు మోయడమేమిటి అన్నయ్యగారూ" అని అడిగినది. మూట మోయుట తక్కువ పనియని ఆమె భావముగా నాకు తోచలేదు. ఆమె తండ్రి బరంపురమున పట్టుచీరల మూటలు మోసియే ఇల్లు నిలిపినవాడు. మూట కుమారునిది కాదు, బండి కుమారునిది కాదు, రేపటి దినము సైతము కుమారునిది కాదు. అది ఆమె బాధ. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

పని నేర్పుట మొదలిడితిని. మొదటి పాఠము సర్దుట. చివర ఈయవలసినది ముందుగా ఎక్కవలెను, ముందు ఈయవలసినది పైన ఉండవలెను. చూచుటకు ఇది పసిపిల్ల లెక్క. కాని ఉదయము అరగంట నిలిచి సర్దనివాడు మధ్యాహ్నపుటెండలో ఇంటింటి ముందు సంచి యంతయు క్రుమ్మరించుకొనును. ఆ తడబాటులోనే ఒకరి పొట్లము మఱియొకరి అరుగు మీద మిగిలిపోవును. బరువు అడుగున, పగులునది నడుమ, తడిసిన చెడునది గోనెపట్టా లోపల. నడుము వంచి ఎత్తరాదు, మోకాళ్ళు వంచి ఎత్తవలెను. ఇరువదేండ్లవానికి ఈ మాట హాస్యముగ తోచును. నా నడుము చూపి నమ్మించితిని.

రెండవది చిరునామా. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. ఆ ఆరంకెలు పార్సెలును ఊరి తపాలా కచేరి వఱకు తెచ్చును. ఊరినుండి గడప వఱకు తెచ్చునది నోరు. మన ప్రాంతమున ఒక మనిషికి మూడు పేరులుండును: కంప్యూటరులో ఆంగ్లమున ఎక్కినది, వీధిలో ఒడియాలో పిలుచునది, ఇంట తెలుగున పిలుచునది. మూడును ఒకరివే యని పోల్చుకొనుటలో మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన సదుపాయము కలదు. 1936 ఏప్రిలు 1న గంజాం మదరాసును విడిచి ఒరిస్సాలో చేరినది మొదలు రెండు భాషల నడుమ బ్రదుకుట మనకొక భారమని తఱచు వాపోవుదుము. ఆ భారమే ఇచ్చట అన్నము పెట్టుచున్నది. గ్రామీణ డాక్ సేవకులను తీసికొనునపుడు తపాలా శాఖ నేటికిని స్థానిక భాష తెలియవలెననియు సైకిలు త్రొక్కుట రావలెననియు అడుగును. ఆ నియమము వ్రాసినవారెవరో గాని ఒకనాడు సంచి మోసినవారై యుందురు.

మూడవది బండి. కదలించుటకు ముందు చుట్టును ఒకమాఱు నడచి చూడవలెను. మన పల్లెలలో బండి నీడను కోడియు మేకపిల్లయు పడుకొనును. పసిపిల్లవాడు సైతము కూర్చుండును. వెనుకకు నడుపవలసిన చోటికి ముందు పోనేరాదు. కొంత దూరమున నిలిపి నడచుట మేలు. చేతిలో ఫోను ఉండగా చక్రము తిరుగరాదు. ఈ మాటలు చెప్పి చెప్పి నా నోరు అరిగినది. మన దేశమున 2022 ఒక్క సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలువదినలుగురికి పైగా ద్విచక్రవాహనముల వారు. చట్టమేమో చక్రము పట్టు త్రోవను సులువు చేయుచున్నది. తేలికబండి లైసెన్సు కలవాడు 7,500 కిలోలకు లోబడిన సరకు బండిని వేఱు అనుమతి లేకయే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీం కోర్టు తీర్పు. పేదవాని బ్రతుకుతెరువుకు అది మేలే. కాని లైసెన్సు చేయవలసిన పని కొంత ఇక నేర్పువాని మీద పడినది.

ఇట్టి నేర్పును శాస్త్రముగ చేసినవారును కలరు. అమెరికాలో యూపీఎస్ అను సంస్థను 1907లో సియాటిల్ నగరమున జేమ్స్ కేసీ అను పందొమ్మిదేండ్లవాడు ఒక మిత్రునితో గూడి ప్రారంభించెను. ఆనాడు కాలినడకయు సైకిళ్ళునే వారి వాహనములు. ఆ సంస్థ 2007లో మేరీలాండు రాష్ట్రపు లాండోవరులో కొత్త డ్రైవర్లకు ఒక శిక్షణాలయము తెఱచినది. అందొక బొమ్మ ఊరు కలదు. వీధులలో బండి నడిపి, ఇండ్లకు పార్సెళ్ళిచ్చి అభ్యసింతురు. జారు నేల యొకటి చేసి, పడకుండ పట్టీ కట్టి, శిష్యుని దానిపై నడిపింతురు. ఎట్లు పడుదుమో ఒడలికి తెలిసిననే ఎట్లు నడువవలెనో కాలికి తెలియునని కాబోలు. తప్పించుకోదగిన ప్రమాదమొకటియు లేక ఇరువదియైదేండ్లు బండి నడిపినవారిని 'సర్కిల్ ఆఫ్ ఆనర్' అను గౌరవ వరుసలో చేర్తురు. జరిగిన గొప్ప పనికి సన్మానము లోకమంతట కలదు. ఏమియు జరుగనీయక పోయినందుకు సన్మానము చేయుట నాకు మిక్కిలి నచ్చినది.

అయితే ఆ కథలో మఱియొక సగమున్నది. అచ్చట పెక్కుమంది మొదట గిడ్డంగులలో పూటపనివారై చేరి, చేరిన వరుసను బట్టి వేచియుండి, ఎన్నో యేండ్లకు గాని పూర్తికాలపు డ్రైవర్లు కాజాలరు. కాని ఆ వరుస వ్రాతలో ఉన్నది, దానిని కాచుటకు సంఘమున్నది. 2023లో ఆ సంఘము సుమారు 3,40,000 మంది పక్షమున సంస్థతో అయిదేండ్ల ఒప్పందము చేసికొన్నది. జారు నేల మీద నడచుట నేర్పినవారు కాలూనుటకు గట్టినేల సైతము చూపవలసి వచ్చినదన్నమాట.

మా షెడ్డులోని సంగతికి వత్తును.

రెండవ నెలలో ఒక సాయంకాలము మా మేనల్లునికి బెంగుళూరునుండి ఫోను వచ్చినది. కొడలకు పదునాలుగు కిలోమీటర్ల దూరపు పల్లెలో ఒంటిగా నున్న ఒక ముసలమ్మకు కుమారుడు మందులు పంపినాడు. రెండు దినములు వరుసగా 'గ్రహీత ఇంట లేరు' అని అతని ఫోనుకు కబురు పోయినది. అతడు తల్లిని, "ఎక్కడికి పోయావమ్మా, ఇంట్లో ఉండమని చెప్పాను కదా" అని కసరినాడట. ఆమె ఆ రెండు దినములును వీధి అరుగు మీదనే కూర్చున్నది. ఆ త్రోవ మన బీకాం పిల్లవానిది.

వానిని పిలిచి అడిగితిని. దాచలేదు. "వెళ్ళలేదు మేష్టారూ. ఆ ఒక్క ఇంటికి పోయి వచ్చేసరికి గంటన్నర. ఈలోగా ఇక్కడ పన్నెండు పార్సెళ్ళు ఇచ్చెయ్యొచ్చు. పన్నెండు పోతే నా రోజు పోతుంది. రోజులు పోతే బండి పోతుంది" అన్నాడు. బండి యనగా వాని భాషలో పూర్తికాలపు ఉద్యోగము.

"సరే, పోలేదు. పోలేదని వ్రాయక, ఆమె లేదని ఎందుకు వ్రాసితివి?"

వాడు ఫోను తీసి నా చేతికిచ్చినాడు. పార్సెలు ఈయనపుడు కారణము నొక్కవలెనట. జాబితా ముందే సిద్ధమై యున్నది. ఇంట లేరు. తలుపు తాళము. చిరునామా చాలదు. పుచ్చుకొన నిరాకరించిరి. మఱొక దినమున రమ్మనిరి. పైనుండి క్రిందికి రెండుమాఱులు చదివితిని. ప్రతి కారణమును పుచ్చుకొనువారి దోషమే. 'నేను పోలేకపోతిని' అను మాటకు అందు చోటు లేదు.

"ఇందులో నిజం ఏది నొక్కమంటారు మేష్టారూ?" అని వాడు ధిక్కారముగ అడుగలేదు, నిజముగనే అడిగినాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాని తప్పు పెద్దదని కాదు. నలువదేండ్లకు పూర్వము అదే అబద్ధము నేను వ్రాసియుంటిని.

గంజాం పల్లెలనుండి సూరత్తు మగ్గములకు మగవారు పోవుట మనకందఱకు తెలిసినదే. వారి సొమ్ము ఇంటికి చేరుటకు రెండు త్రోవలుండెడివి. ఒకటి మనియార్డరు; అది 1880 నుండియు తపాలా కచేరిలో ఉన్నది. రెండవది టప్పావాలా. పదిమంది కూలీల పైకము మూటగట్టుకొని, వరుసమాఱు రైళ్ళెక్కి, ఇంటింటికి లెక్క చెప్పి యిచ్చి, నూటికింత పుచ్చుకొను మనిషి. వానికి శిక్షణ లేదు, జీతము లేదు. వాని పరువే వాని జామీను. ఒక ఇంట మాట తప్పెనా, ఆ ఊరి వారెవరును మరల వాని చేతిలో రూపాయి పెట్టరు. నేను మాత్రము టప్పావాలాను కాను, ముద్రవేసిన కాగితముల మనిషిని. 1981 వానకాలమున సూరత్తునుండి ఒక తల్లికి మనియార్డరు వచ్చినది. నడుమ వాగొకటి పొంగియుండెను. దాటరానిది కాదు, దాటుటకు బద్ధకము పుట్టునంత. ఒడ్డుననే నిలిచి 'ఇంట లేదు' అని వ్రాసితిని. ఎవరును వ్రాయుమనలేదు. పోలేదని చెప్పియున్న మా పోస్టుమాస్టరుగారు ఒక మాట కసరి ఊరకుండెడివారు.

మూడవ దినమున ఆమెయే వాగు దాటి వచ్చినది. చీర మోకాళ్ళ వఱకు తడిసియున్నది. నేను ఎప్పుడు వచ్చితినని ఒడియాలో అడిగినది. మధ్యాహ్నము వచ్చితినంటిని. ఆమె ఒక క్షణమాలోచించి, "నూతికి పోయానేమో బాబూ, నిన్ను ఊరికే తిప్పించాను" అని నన్నే ఓదార్చినది. వ్రేలిముద్ర వేసి పైకము పుచ్చుకొని పోయినది.

అబద్ధము ఎదుటివాని ఆస్తిని హరించునందురు. ఆనాడు నేను ఆమె పైకమును హరింపలేదు, అణాపైసలతో ముట్టినది. తన కన్నులయందు, తన జ్ఞాపకమునందు ఆమెకున్న నమ్మకమును హరించితిని. బెంగుళూరి కుమారుడు తల్లిని కసరుటయు అట్టిదే. పార్సెలు ఆలస్యమగుట చిన్న నష్టము. ఇంటనుండిన మనిషిని లేదని పుస్తకమున వ్రాసి, ఆ వ్రాతను ఆ మనిషి చేతనే నమ్మించుట వేఱు.

ఇక ప్రశ్న. అరకొర జీతము పుచ్చుకొనువాడు అరకొర ధర్మమే ఆచరింపవచ్చునా?

చదువుకొన్నవారు రెండు విధములుగ వాదింతురు. నాకు మంచి మిత్రులైన ఒక అధ్యాపకులు, "రేపు ఉంటుందో లేదో తెలియని వాడిని నేటి గంటన్నర ఇమ్మనడానికి మనకేం హక్కుంది?" అందురు. మా మేనల్లుడు, "ఇష్టమై చేరాడు, కష్టమైనా నిజం చెప్పాలి" అనును. ఇద్దఱి మాటలలోను బలము కలదు. ఇద్దఱును ఆ అరుగు మీద కూర్చున్న ఆమెను మఱచినారు. ఆమె కుమారుడు వెల చెల్లించినాడు. పిల్లవానికి జీతమెంతో ఆమె ఎఱుగదు. వాని దారిద్ర్యమును ఆమె కలిగింపలేదు. కావున వాడు ఆమెకు అచ్చుపడిన ఋణము యజమాని లోభముచేత తగ్గదని నా తలంపు. ఒకడు నాకు బాకీపడినంత మాత్రమున నేను మూడవవానికి పడిన బాకీ కొట్టివేయబడునా?

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున వ్యవహారపదములు పదునెనిమిది చెప్పబడినవి. మొదటిది ఋణము, రెండవది నిక్షేపము, అనగా నమ్మి అప్పగించిన సొత్తు. పని చేయించుకొని వేతనమీయకుండుట సైతము అదే పట్టికలో ఒకటి. ఆ గ్రంథములోని అనేక విషయములు నేడు మనకు సమ్మతములు కావు, కారాదు. కాని ఈ పట్టిక వ్రాసినవాడు ఒక సంగతి ఎఱిగినవాడు: నిక్షేపము చెడుట యెంత వివాదమో వేతనము చెడుట అంత వివాదము. దేనికది విచారింపవలెను గాని ఒకదానిని రెండవదానికి చెల్లువేయరాదు. మనము పిల్లవానికి నేర్పునపుడు మొదటిది బిగ్గరగా చెప్పి రెండవదానికి గొంతు తగ్గింతుము.

రామాయణమున ఉంగరము మోసినవాని సంగతి తలపునకు వచ్చుచున్నది. సీత ఎదుట హనుమంతుడు చేసిన పని చూడుడు. ముందు తాను ఎవరి పక్షమున వచ్చెనో విన్నవించెను. ఆమె శంకించి అడుగగా రాముని గుఱుతులు చెప్పెను. నమ్మకము కుదిరిన పిదపనే ముద్రిక చేతికిచ్చెను. తిరుగుటపా రసీదువలె చూడామణి తెచ్చుకొనెను. మా షెడ్డులో ఇది చెప్పినపుడు ఒడియా పిల్లవాడొకడు, "ఓటీపీ అన్నమాట" అని నవ్వించినాడు. కాని ఆ కథలో నన్ను పట్టినది వేఱొకటి. నలుదిక్కులకు పోవు వానరులెందఱో యుండగా రాముడు ఆ ఉంగరమును అతనికే యిచ్చినాడు. అప్పగింత మొదట అటనుండి జరిగినది. తాను నమ్మబడితినని ఎఱిగినవాడే సముద్రము దాటినాడు. మూడు నెలలు నిన్ను నమ్మము, నీవు మాత్రము మమ్ము నమ్మి పరుగిడుమను ఒడంబడికలో ఆ మొదటి అప్పగింత ఎక్కడ నున్నది?

ఇట్లనుచు ఆ పిల్లవానిని నిర్దోషిని చేయుట నాకిష్టము లేదు. వాగు ఒడ్డున నాకు గంటన్నర లెక్కయు లేదు, పన్నెండు పార్సెళ్ళును లేవు. అయినను అబద్ధము వ్రాసితిని. కావున పేదఱికమే అబద్ధమునకు తల్లియని నేను చెప్పలేను. అయితే మఱియొక అనుభవము కలదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. చెట్లు పడి త్రోవలు మూసికొనిపోయినవి. తరువాతి దినములలో సంచిలోని ఉత్తరములను గూర్చి ఎవరడిగినను "పోలేదు" అని చెప్పితిమి. ఎవరును సిగ్గుపడలేదు. నలువదేండ్లలో నా వ్రాతలలో ఒక్క కల్లయు లేని వారమేదన్న ఆ తుపాను వారమే యని తోచును. ఆ వారము మేము హఠాత్తుగ పుణ్యాత్ములము కాలేదు. నిజము చెప్పుటకు చోటు దొరకినది, అంతే.

తెల్లవారి మా మేనల్లునితో చెప్పితిని. ఫోనులోని జాబితా మార్చుట అతని చేతిలో లేదు. ఒక పుస్తకము పెట్టుమంటిని. పార్సెలు సంఖ్య, ఊరు, దాని ఎదుట 'పోలేదు' అను ఒకే గడి. అందులో వ్రాసినవానికి ఆ దినము కూలి తగ్గింపరాదు, మూడు నెలల లెక్కలో అది మచ్చగా చూడరాదు. సాయంకాలము ఆ ఇండ్లకు ఫోను చేసి మేము రాలేదని మనమే చెప్పవలెను. "ఇది వ్యాపారం మావయ్యా, వ్రతం కాదు" అని అతడు విసుగుకొనినాడు. కాని బెంగుళూరి గొంతు ఇంకను చెవిలో నున్నది గనుక ఒప్పుకొన్నాడు.

మొదటి వారము పుస్తకమున ముప్పదియొక్క 'పోలేదు'లు పడినవి. మా మేనల్లునికి చెమట పట్టినది. రెండవ వారమున ఒక పిల్లవాడు ఆ గడిని నీడపట్టుగా వాడుకొనసాగినాడు. మధ్యాహ్నము మూడింటికే 'పోలేదు' వ్రాసి ఇంటికి పోయెడివాడు. వానిని మందలించితిమి, వినలేదు, పంపివేసితిమి. అది నాకు కష్టముగనే యుండినది. నిజమునకు చోటిచ్చిన చోట సోమరితనమునకు గూడ కొంత చోటు దొరకుట తప్పదు. కాని నెల దిరుగునప్పటికి పుస్తకము ఎవరికిని తెలియని సంగతి చెప్పినది. 'పోలేదు'లలో సగమునకు పైగా మూడు పల్లెలవే, ఒకే త్రోవలోనివే. ఆ మూడింటిని నలుగురిలో ఒకనికే ఇచ్చి, వారమునకు మూడు దినములు పొద్దుటనే అటు పంపినచో గంటన్నర ఒక్కొక్క ఇంటికి గాక ఎనిమిది ఇండ్లకు కలిపి పట్టును. ఇన్నాళ్ళు ఫోనులో ఆ మూడు పల్లెల జనమంతయు ఎప్పుడును ఇంటనుండని జనముగా నమోదైయున్నారు. ఆ లెక్క నమ్మియున్న మార్గమెట్లు మారును?

పై సంస్థ ఈ పుస్తకమును గుర్తింపలేదు. దాని లెక్కలో మా మేనల్లుని గోడౌను కొంత వెనుకబడినది, ఆ నెల అతనికి రావలసిన సొమ్ములో కొంత తగ్గినది. ఇది ఎంతకాలము సాగునో చెప్పజాలను. చట్టము మెల్లమెల్లగ కదలుచున్నది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టి పనివారిని మొదటిసారిగ పేరుపెట్టి పిలిచినది. 2025 నవంబరు 21న అది అమలులోనికి వచ్చినది. ఫోనుల ద్వారా పని చేయించుకొను సంస్థలు తమ సాలీనా రాబడిలో నూటికి ఒకటి రెండు వంతులు వారి క్షేమనిధికి ఈయవలెనని అందున్నది. 2020–21లో ఇట్టివారు 77 లక్షలుందురని నీతి ఆయోగ్ అంచనా వేసినది. నిధి మంచిదే. కాని ఫోనులోని ఆ జాబితాలో ఒక పంక్తి చేర్చుమని ఏ చట్టమును చెప్పలేదు.

మూడు నెలలు ముగిసినవి. నలుగురిలో ఇద్దఱికి బండి ఇచ్చుటకు మాత్రమే మా మేనల్లునికి శక్తి యున్నది. మన బీకాం పిల్లవాడు అందొకడు. ఆ మూడు పల్లెల త్రోవ తానే అడిగి తీసికొన్నాడు. మందుల ముసలమ్మ వద్దకు మొదటి దినము పోయినపుడు, "నేనే రాలేదమ్మా, మీరు ఇంట్లోనే ఉన్నారు" అని చెప్పినాడట. ఆమె మంచినీళ్ళిచ్చి, కుమారునికి ఫోను కలిపి, ఆ మాట వానితో గూడ చెప్పుమన్నదట. వీడు చెప్పినాడు. గుడివద్ద మాట్లాడిన ఆ తల్లికి నేను ఇంకను జవాబు చెప్పలేదు. ఆమెయు మరల అడుగలేదు.

వాగు ఒడ్డు సంగతి నేను వానికొక్కనికే చెప్పియుంటిని. బండి చేతికి వచ్చిన వారమునకు వాడు, "మేష్టారూ, ఆవిడకి మీరు ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగినాడు. లేదంటిని. ఊరి పేరు అడిగినాడు, చెప్పితిని. ఇప్పుడు ఆ వాగు మీద వంతెన యున్నది. నాలుగు దినముల పిదప సాయంకాలము షెడ్డుకు వచ్చి, ఆ ఇల్లు కనుగొన్నానని చెప్పినాడు. ఆమె పోయి చాలకాలమైనది. మనుమడు సూరత్తులో ఉన్నాడట. అతని భార్య పేర నెలకొకటి రెండు పార్సెళ్ళు వచ్చును. పుస్తకము తెఱచి చూచితిని. మొదటి వారపు ముప్పదియొక్క 'పోలేదు'లలో రెండు ఆ ఇంటివే.